దిక్సూచి పక్కన పిట్ట

పడవ మీద పిట్టలు వాలిన రోజున గిబ్బీ పోల్సన్ నోటికి పట్టపగ్గాలుండవు. పిట్టలంటే అతనికి కోపమేం లేదు. వాటిని చూసి తన అన్న జార్మ్ చేసే హడావుడంటేనే ఒళ్ళు మంట. ఏటా అక్టోబరులో ఆగ్నేయపు గాలి తిరిగి మంచు కమ్మిందంటే చాలు, నార్వే నుంచి సముద్రం దాటుతున్న పిట్టలు దారీ తెన్నూ తెలియక, రెక్కల్లో సత్తువ చచ్చి, కనిపించిన పడవ మీదల్లా కూలబడతాయి. షెట్లాండ్ దీవుల్లో ఇది అందరికీ తెలిసిన సంగతే. వాల్సే దీవిలోని ముసలివాళ్ళు మాత్రం దానికి శాస్త్రం కూడా చెబుతారు. వాలిన పిట్ట అతిథి, దాన్ని తోలకూడదు. మనిషి చేతిలో అది చస్తే ఆ పడవలో ఒక మనిషి తగ్గుతాడు. బతికున్న పిట్టను డెక్కు కిందకి దింపకూడదు. ఆకాశంలో తిరిగేదాన్ని కిందకి దింపడమంటే పాతిపెట్టడమేనట.

"నీ శాస్త్రాలన్నీ నిజమే అయితే అన్నా, మన దీవిలో ఈపాటికి గొర్రెలు తప్ప ఎవరూ మిగిలేవాళ్ళు కాదు," అనేవాడు గిబ్బీ.

"నవ్వు, నవ్వు. సముద్రం కూడా నవ్వుద్ది ఒకరోజు," అనేవాడు జార్మ్.

వయసులో జార్మ్ పెద్దవాడే గానీ 'బార్బరా' పడవకి పెద్ద గిబ్బీ. చుక్కాని పట్టేదీ అతనే, వల ఎక్కడ వెయ్యాలో చెప్పేదీ అతనే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. చిక్కేమిటంటే చాలాసార్లు ఆ కుందేలుకు నిజంగానే మూడు కాళ్ళుండేవి. తప్పులు చేసేవాణ్ణి ఎవరైనా ఎదిరిస్తారు. ఎప్పుడూ ఒప్పే అయ్యేవాడితో ఎవరు పడగలరు? అందుకని పడవలో అతను చెప్పడం, మిగతా ఇద్దరూ చెయ్యడం అలవాటైపోయింది.

ఆ ఇద్దరిలో రెండోవాడు గిబ్బీ అల్లుడు డేవీ. లెర్విక్ పట్నంలో బూట్లు కుట్టి అమ్మేవాళ్ళ అబ్బాయి. గిబ్బీ కూతురు ఇనాను చేసుకుని వాల్సే వచ్చి, మావగారి పడవ ఎక్కాడు. చేతిలో పనితనం ఉన్నవాడు, వలలో చిరుగు పడితే తోలు కుట్టినంత గట్టిగా కుట్టేవాడు. అయినా గిబ్బీకి అతను "బూట్ల అల్లుడే".

ఆ ఉదయం తీరానికి బాగా తూర్పున వల వేసి ఉండగా మంచు దిగింది. దాని వెనకే పిట్టలు దిగాయి. బొటనవేలంత పిట్టలు, నెత్తిన పసుపు కుంచెతో గీసినట్టు ఒక గీత. తాళ్ళ మీద, చేపల పెట్టెల మీద, జార్మ్ టోపీ మీద, ఎక్కడ సందు దొరికితే అక్కడ. కొన్ని వాలడం వాలడమే కళ్ళు మూసుకున్నాయి. కొన్ని పడవ అంచు దాకా వచ్చి, ఇంకో జానెడు ఎగరలేక, నీళ్ళలో పడిపోయాయి. డేవీ ఒక దాని కోసం చెయ్యి చాచాడు. అందలేదు.

"అయ్యో మావా, చూశావా? ఇంత దూరం వచ్చి ఇక్కడ పోయింది!"

"చూశాన్లే. దాని పెళ్ళానికి కబురు నువ్వే చెబుదువుగాని. ముందు ఆ తాడు చూడు, బూట్ల అల్లుడూ! అది పాదానికి తొడిగేది కాదు, చేత్తో పట్టుకోవాలి."

జార్మ్ నవ్వాడు. డేవీ కూడా నవ్వాడు, ముఖం ఎర్రబడింది. గిబ్బీ చుక్కాని గదిలోకి వెళ్ళి, వల లాగే యంత్రం వించిని తిప్పాడు. నీళ్ళలోంచి తాడు బిగుసుకుని, తుంపర చిమ్ముతూ, డెక్కు మీదుగా పాకి ఇనుప డ్రమ్ముకు చుట్టుకోవడం మొదలుపెట్టింది.

కదులుతున్న ఆ తాడు మీద ఒక పిట్ట వాలింది. కొమ్మ అనుకుందో ఏమో, గట్టిగా పట్టుకుని కూర్చుంది. తాడు దాన్ని డ్రమ్ము వైపు తీసుకుపోతోంది.

"పిట్ట! ఒరే, పిట్ట నలిగిపోద్దిరా!" అని జార్మ్ గావుకేక పెట్టాడు.

డేవీ ఆలోచించలేదు. ఎడమచేత్తో పిట్టను ఇవతలికి తోశాడు. పిట్ట పక్కన పడింది. చేతి తొడుగు మాత్రం తాడుకీ డ్రమ్ముకీ మధ్య చిక్కింది, తొడుగుతోపాటు చెయ్యి కూడా. గిబ్బీ యంత్రం ఆపేసరికే మణికట్టు ఒక చుట్టు తిరిగిపోయింది.

ఆ అరుపు గురించి గిబ్బీ తరవాత ఎవరికీ చెప్పలేదు.

మోచేతికి పైన బెల్టు బిగించి కట్టాడు జార్మ్. అలా కట్టకపోతే నెత్తురు ఆగేది కాదు. గిబ్బీ గొడ్డలి తెచ్చి తాళ్ళు నరికేశాడు. కొత్త వల, అందులో పడిన చేప, అన్నీ సముద్రానికి వదిలేశాడు, వెనక్కి తిరిగి చూడలేదు. పెద్ద పడవల్లో అప్పటికే వైర్‌లెస్‌లు వచ్చాయి, 'బార్బరా'కి రాలేదు. ఎవరినీ పిలవడానికి లేదు. వాల్సేలో ఉన్నది నర్సు ఒక్కతే. ఆసుపత్రి లెర్విక్‌లో. పడవ ముక్కు నైరుతికి తిప్పి, ఇంజను ఎంత లాగితే అంత లాగించాడు. దారి తప్పకుండా పోతే చీకటి పడకముందే చేరతారు.

డేవీని కింద గదిలో పడుకోబెట్టి, చెయ్యి పైకెత్తి పట్టుకుని కూర్చున్నాడు జార్మ్. కాసేపటికి మెట్ల మీంచి తల బయటపెట్టాడు. చేతిలో బిస్కెట్ల రేకుడబ్బా. ఇనా ఓట్స్ రొట్టెలు పెట్టి పంపిన డబ్బా అది. లోపల ఉన్ని పరిచి ఉంది. ఉన్నిలో ఆ పిట్ట.

"ఇదెందుకు ఇప్పుడు?" గిబ్బీకి అరికాలి మంట నెత్తికెక్కింది. "దీనివల్లే కదా ఇదంతా! నువ్వు కేక పెట్టకపోతే వాడు చెయ్యి పెట్టేవాడే కాదు. విసిరెయ్ సముద్రంలో!"

జార్మ్ ముఖం పాలిపోయింది. ఆ మాట తనకు తాను అప్పటికే అనుకున్నాడని తెలుస్తూనే ఉంది.

"అవున్రా, నాదే తప్పు. కానీ కుర్రాడు అడుగుతున్నాడు. కళ్ళు తెరిచినప్పుడల్లా అదే అడుగుతున్నాడు, పిట్ట బతికుందా అని. అది బతికుంటే నువ్వూ బతుకుతావురా అని చెప్పాను. ఏదో ఒకటి చెప్పాలి కదా! కిందకి దింపకూడదు, నీకు తెలుసు. ఇక్కడ పెట్టుకో. అంతే."

డబ్బాను వెనక బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

బయట తెల్లటి మంచు. పడవ ముక్కు కూడా సరిగ్గా కనపడడం లేదు. గిబ్బీ చూసేది దిక్సూచి ఒక్కదాన్నే. దాని గాజుకి పక్కగా చిన్న దీపం వెలుగుతోంది. చుక్కాని గదిలో ఆ మాత్రం వెచ్చదనం ఉన్నది అక్కడే. కింద స్టవ్ ఉంది, కానీ అది డెక్కు కింద.

చాలాసేపు అతను వెనక్కి తిరగలేదు. తరవాత కింద నుంచి డేవీ గొంతు వినిపించింది. బాగా సన్నగా ఉంది.

"మావా... పిట్ట?"

గిబ్బీ తిరిగి చూశాడు. పిట్ట ఒళ్ళంతా ఉబ్బించుకుని గజగజ వణుకుతోంది. రెప్పలు వాలిపోతున్నాయి.

"భేషుగ్గా ఉంది! నీకంటే బాగుంది!" అని కేకేశాడు.

ఆ తరవాత అతను చేసిన పని ఎందుకు చేశాడంటే, భయం. శాస్త్రాల మీద నమ్మకం కాదు. నలభై ఏళ్ళు నవ్విన మాటని ఒక్క పూటలో ఎవరూ నమ్మరు. కానీ ఇనా ముఖం కళ్ళముందు తిరుగుతోంది. మూడేళ్ళ మనవరాలు తిరుగుతోంది. కింద పడుకున్నవాడు ఆ పిట్టనే పట్టుకుని వేలాడుతున్నాడు. అది పోతే వాడికి ఏమని చెప్పాలి? నమ్మనివాడు కూడా మునిగేటప్పుడు గడ్డిపోచను పట్టుకుంటాడు. గిబ్బీ ఒక చేత్తో చక్రం పట్టుకుని, రెండో చేత్తో డబ్బా అందుకుని, దీపం పక్కన, దిక్సూచిని ఆనించి పెట్టాడు. ఉన్ని సర్దాడు. వేలి కొనతో పిట్ట వీపు రాశాడు.

తల తిప్పి చూసేసరికి దిక్సూచి ముల్లు పక్కకు జరిగి ఉంది. పిట్టతో ఆడుతూ పడవని వంకర పోనిచ్చానని తనను తాను తిట్టుకున్నాడు. దిక్సూచి మళ్ళీ నైరుతి చూపేదాకా చక్రం తిప్పాడు.

రేకుడబ్బా ఇనుమని, ఇనుము ముల్లును తనవైపు లాగుతుందని అతనికి తెలియదా? దిక్సూచి పక్కన కత్తి పెట్టినందుకు వేసవిలో డేవీని పావుగంట తిట్టినవాడు అతనే. చుక్కాని దగ్గర ఇనుప మేకు కనిపించినా ఊరుకోనివాడు. కానీ ఆ క్షణాన అతని కళ్ళకి అది డబ్బా కాదు, పిట్ట. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

పడవ పోతూనే ఉంది. ఇక్కడి వాళ్ళకి దిక్సూచి రాకముందు మంచులో దారి చూపింది తల్లి కెరటం. గాలి ఎటు కొట్టినా, పైపైన అలలు ఎటు దొర్లినా, అడుగున ఒక పెద్ద కెరటం ఒకే దిక్కున తీరానికి నడుస్తూ ఉంటుంది. దాన్ని కళ్ళతో చూడలేం, కాళ్ళతో తెలుసుకోవాలి. ఆ రోజు ఆ దారిలో అది పడవను ఎడమ పక్కనుంచి ఊపాలి. మొదట అలాగే ఊపింది. ఇప్పుడు వెనకనుంచి ఎత్తుతోంది.

గిబ్బీ కాళ్ళకి అది తెలిసింది. మొదటిసారి తెలిసినప్పుడు గాలి మారిందేమోలే అనుకున్నాడు. రెండోసారి ముల్లు వైపు చూశాడు. అది నైరుతి చూపిస్తూ బొమ్మలా నిలబడి ఉంది.

జార్మ్ మళ్ళీ మెట్ల మీదకి వచ్చాడు. చొక్కా నిండా నెత్తురు.

"ఒరే గిబ్బీ, తల్లి కెరటం ఎటు ఉందిరా? కింద నాకు వేరేగా తగుల్తంది."

"నీకు పొద్దుటినుంచీ అన్నీ వేరేగానే తగులుతున్నాయి. వెళ్ళి వాడి చెయ్యి చూడు."

"కాదురా, వెనకనించి లేపుతున్నట్టు..."

"దిక్సూచి నా ముక్కు ముందుంది అన్నా. నీ పిర్రల కంటే దానికి కొంచెం ఎక్కువే తెలుసు. వెళ్ళు!"

జార్మ్ కిందకి దిగిపోయాడు.

లెర్విక్ దారిలో బ్రెసే దీపస్తంభం ఉంది. మంచు రోజుల్లో అది బూర ఊదుతుంది. గిబ్బీ చెవులు రిక్కించి దానికోసమే ఎదురుచూస్తున్నాడు. ఈపాటికి వినపడాలి. వినపడలేదు. మంచు దట్టంగా ఉందిలే, ఇంకాస్త పోతే వినపడుతుంది. ఇంకాస్త పోయాడు. మంచులో తెలుపు తగ్గి బూడిద రంగు తిరుగుతోంది. బూర లేదు.

అప్పుడు వినిపించింది, గొర్రె అరుపు.

ముందు నుంచి, దగ్గరగా. దాని వెంటనే, అడుగున, రాళ్ళ మీద నీళ్ళు విరిగే చప్పుడు. లెర్విక్ దారిలో ఎక్కడా ఇలా ముందు గొర్రెలు అరవవు. గిబ్బీ ఇంజను వెనక్కి తిప్పి చక్రం మీద పడ్డాడు. మంచులోంచి నల్లటి రాయి ఒకటి తడితడిగా లేచి, పడవ పక్కనుంచి, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా జారిపోయింది. దాని మీద కాకిమూకలా సముద్రపు కాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. ఆ రాయి అతనికి పుట్టినప్పటినుంచీ తెలుసు. స్కెర్రీస్ రాళ్ళు. వాల్సేకి కూడా ఉత్తరాన. దక్షిణానికి పోవలసినవాడు ఇంతసేపూ ఉత్తరానికి వచ్చాడు.

అతని కళ్ళు దిక్సూచి మీదకి, దాని పక్కన డబ్బా మీదకి వెళ్ళాయి. డబ్బా ఎత్తాడు. ముల్లు నిద్రలోంచి లేచినట్టు గిర్రున తిరిగి ఎక్కడో ఆగింది.

డబ్బాలో పిట్ట కదలడం లేదు. వేలితో తాకాడు. చల్లగా, చెక్కలా ఉంది. ఎప్పుడో పోయింది. ఎంతసేపటి కిందట పోయిందో, ఎంతసేపు చచ్చిన పిట్టను కాపాడుతూ తప్పుదారిన పడవ నడిపాడో అతనికే తెలియదు. తలుపు తీసి పిట్టతోసహా డబ్బాను నీళ్ళలోకి విసిరేశాడు.

"ఏంట్రా అది? రాయా? ఎక్కడున్నాం?" కింద నుంచి జార్మ్ కేక.

"కాస్త పక్కకి వచ్చాం. ప్రవాహం లాగేసింది. ఏం ఫర్వాలేదు."

"పిట్ట?"

"బతికే ఉంది," అన్నాడు గిబ్బీ.

ఈసారి ముల్లునీ చూశాడు, కాళ్ళనీ నమ్మాడు. తల్లి కెరటాన్ని మళ్ళీ పక్కకు తెచ్చుకుని దక్షిణానికి దిగాడు. దారిలో తమ ఊరి రేవు పక్కనుంచే పోవాలి. ఆగి నర్సును ఎక్కించుకుందామా అనుకున్నాడు. మంచులో రేవులోకి దూరి బయటపడేసరికి ఇంకా ఆలస్యం. ఆగలేదు. మంచులో కనపడని తన ఇంటి ముందునుంచే దాటిపోయాడు.

బ్రెసే బూర వినపడేసరికి చీకటి పడి చాలాసేపైంది.

డాక్టరు చెడ్డవాడు కాదు. తిట్టలేదు. కాఫీ తాగుతూ, అలసిపోయిన గొంతుతో చెప్పాడు. "కట్టు కట్టకపోతే మనిషే పోయేవాడు. కట్టింది మంచి పని. కానీ కట్టు అంతసేపు ఉంటే దాని కింద చెయ్యి బతకదు. తీసెయ్యక తప్పలేదు. ఇంకాస్త ముందుగా వచ్చుంటే, వేళ్ళు పోయినా చెయ్యి నిలిచేదేమో. మంచులో మీరు మాత్రం ఏం చేస్తారు లెండి."

మర్నాడు మంచు విడిచింది. ఇనా మొదటి పడవలోనే పరుగెత్తుకొచ్చింది. భర్తను చూసి, బయటికి వచ్చి, తండ్రి మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. "నువ్వు ఉండబట్టి ప్రాణాలతో తెచ్చావు నాన్నా. ఆ మంచులో ఇంకెవరైనా అయితే..." అంది. గిబ్బీ చేతులు రెండూ కిందకే వేలాడుతున్నాయి. వాటిని ఎత్తి కూతురి వీపు మీద వెయ్యడం అతనివల్ల కాలేదు.

జార్మ్ అయితే చెప్పక్కర్లేదు. పిట్ట కథ అప్పుడే ఆసుపత్రంతా తిరిగింది. కుర్రాడు పిట్టను కాపాడాడట, పిట్ట కుర్రాణ్ణి కాపాడిందట, తీరం కనపడగానే ఎగిరిపోయిందట. ఆ చివరి ముక్క జార్మ్ సొంతం. మంచులో రాళ్ళ మధ్య పడవ నడిపిన మొనగాడు నా తమ్ముడు అని దానికి తోకొకటి తగిలించాడు. నర్సులు గిబ్బీకి టీలో చక్కెర ఎక్కువ వేసి ఇస్తున్నారు.

మధ్యాహ్నం డేవీకి బాగా మెలకువ వచ్చింది. ఇనా పక్కగదిలో పెదనాన్నతో ఉంది. గిబ్బీ ఒక్కడే మంచం పక్కన కూర్చున్నాడు. దుప్పటి మీద కట్టు ఉంది. చెయ్యి మోచేతి దగ్గరే అయిపోయింది. అతను దాన్ని చూడకుండా ఉండాలనుకున్నాడు గానీ చూపు అక్కడే పడుతోంది.

"మావా," అన్నాడు డేవీ. "మనం నిన్న ఉత్తరానికి పోయాం కదూ?"

గిబ్బీ ఉలిక్కిపడ్డాడు. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలా. పడుకుని ఉన్నా కదా, వీపుకి తెలిసింది. కెరటం పక్కనుంచి కొట్టడం మానేసి వెనకనుంచి లేపడం మొదలెట్టింది. మొదట్లోనే తెలిసింది. పెద్ద మావ పైకి వచ్చి అడగడానికి చాలా ముందే."

"మొదట్లోనే?"

"ఆఁ. నువ్వు పిట్ట బాగుందని కేకేశావే, ఆ తరవాత కొంచెం సేపటికే."

అప్పటికి పడవ తప్పుదారి పట్టి ఎంతో దూరం కాలేదు. అప్పుడు తిప్పి ఉంటే చీకటి పడకముందే ఇక్కడుండేవాళ్ళు.

"మరి చెప్పలేదేంట్రా?" అన్నాడు గిబ్బీ. "నోరు లేదా నీకు? ఒక్క కేక వెయ్యాల్సింది!"

డేవీ కప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే గిబ్బీకి తేలికయ్యేది.

"వేద్దామనే అనుకున్నా మావా. నోటిదాకా వచ్చింది. బూట్ల అల్లుడు పడక మీంచి పడవ నడుపుతున్నాడంటావు, రేవంతా చెప్పి నవ్విస్తావు అనుకున్నా. నీకు తెలీకుండా ఉంటదా, నాకెందుకులే అనుకున్నా." "తరవాత నిద్ర పట్టేసింది."

గిబ్బీ మంచం వైపు వంగాడు. పిట్ట ఎప్పుడో చచ్చిపోయిందనీ, డబ్బా తానే దిక్సూచి పక్కన పెట్టాననీ చెప్పాడు. రేకుడబ్బా అన్న మాట దగ్గర డేవీ తల తిప్పి అతన్ని చూశాడు. సముద్రం మీద తిరిగేవాడికి ఆ తరవాత వివరించనక్కర్లేదు. మిగిలిన చేత్తో దుప్పటి అంచు పట్టుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పక్కగదిలోంచి జార్మ్ గొంతు పెద్దగా వినపడుతోంది. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. మంచు, పిట్ట, తమ్ముడి మొనగాడితనం. ఎవరో నవ్వుతున్నారు, ఇనా కూడా ఏడుపులోంచే నవ్వుతోంది. రేపటికి ఈ కథ వాల్సే చేరుతుంది, ఎల్లుండికి మనవరాలి దాకా పోతుంది.

గిబ్బీ లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. తలుపు బద్ద పట్టుకుని నిలబడ్డాడు.

"ఇనా," అని పిలిచాడు. "మీ పెదనాన్నని ఆపమను. జరిగింది అది కాదు. ఇలా వచ్చి కూచో, నేను చెబుతాను."